అత్తగారి అడ్డదారి

ఆ ఉదయం మున్సిపల్ ఇంజనీరు వేసుకున్న పథకం చాలా చిన్నది. అత్తగారి వెనకాలే, ఆవిడకు కనపడకుండా నడవాలి.

ఊళ్ళో సైకిళ్ళకూ, నడిచేవాళ్ళకూ దారులు కలిపే పని అతనిది. అన్నీ కలిశాయి కానీ బజారు నుంచి తమ కాలనీకి మాత్రం దారి కుదరలేదు. మ్యాపు మీద ఎటు గీసినా ఏదో ఒక గోడ అడ్డొచ్చేది. ఆ రోజు మధ్యాహ్నం మీటింగులోగా దారి చూపించకపోతే దాని మాటే వదిలేసి కార్ల పార్కింగు కట్టించేస్తానని పెద్దాఫీసరు తేల్చేశాడు. ఏడాదిగా కన్న కల. పాపం, అన్నం సయించడం లేదు.

విచిత్రమేమిటంటే, తను బజారు నుంచి స్కూటరు మీద ఇంటికొచ్చేసరికి, నడిచొచ్చిన అత్తగారు అప్పటికే కూరలు తరుగుతూ ఉండేది. ఎలా? అడుగుదామంటే మాటల్లేవు. "ఈ వయసులో మీకీ నడకలెందుకండీ?" అని నోరు జారిన పాపానికి ఆవిడ మూతి ముడుచుకుని వారమైంది.

అందుకే బజారు దగ్గర మాటు వేశాడు. ఆవిడ సంచీతో కదలగానే వెనక పడ్డాడు. చేతిలో పసుపు సుద్ద, మలుపు మలుపుకూ ఒక బాణం. లాండ్రీ వెనక సందు, బడి ప్రహరీ వార, పార్కు కంచెలో సందు. ఒక్క బండి లేదు, దారంతా నీడ. ఇంతకాలం ఇది ఎక్కడ దాక్కుంది? మురిసిపోతూ, తలెత్తకుండా గీసుకుంటూ పోయాడు.

లాండ్రీ యజమాని తన గోడ మీద బాణం చూశాడు. గీసినవాడి మున్సిపల్ చొక్కా చూశాడు. వెంటనే వీధిలోకొచ్చి అరిచాడు.

"గోడలు కొట్టేస్తున్నారు!"

"ఎవరు చెప్పారు?" అంటూ పక్కింటి టీచరమ్మ పరుగెత్తుకొచ్చింది.

"చెప్పేదేంటమ్మా, గుర్తు పెట్టుకుపోతుంటే!"

పార్కు చేరేసరికి గోడల్లేనివాళ్ళు కూడా గుంపులో కలిశారు.

"ఎక్కడికండీ అందరూ?"

"ఏమో, ముందు నడు. ఆ ముందు పోతున్న పెద్దావిడ పెద్దాఫీసరుగారి తల్లట. ఆవిడ ఏ గోడ పక్కనుంచి పోతే ఆ గోడ ఔట్!"

"అమ్మగారూ, మా గోడ వదిలెయ్యండమ్మా!" అని టీచరమ్మ కేక పెట్టింది. అత్తగారు వెనక్కి చూసింది. ఊరంతా తన వెంటే వస్తోంది! సంచీ గుండెకు హత్తుకుని, గబగబా పొదల వెనక కూలిన గోడలోంచి దూరి మాయమైంది. ఇంజనీరు ఆ గోడ మీద కూడా బాణం గీసి లోపలికి దూరాడు.

ఎదురుగా బట్టలారేస్తూ భార్య.

"ఏవండీ, మన గోడ మీద ఏం గీస్తున్నారు?"

అది తన పెరడే! పెరటి చివరిదాకా ఎన్నడూ పోయిన పాపాన పోలేదు మరి. తేరుకునేలోగా గుంపు లోపలికి వచ్చిపడింది.

"ఇల్లు మీదేనా? అయితే ముందు ఈ గోడే కొట్టండి!" అన్నాడు లాండ్రీ యజమాని.

"గోడలు కాదండీ బాబూ! నడవడానికి దారి! సైకిళ్ళకు దారి!"

టీచరమ్మ వచ్చిన వైపు తిరిగి చూసింది.

"అవునూ, బజారు నుంచి అప్పుడే కాలనీకి వచ్చేశామా? నాకు ఆయాసమే రాలేదే!"

ఫిర్యాదు ఫోన్లతో చెవులు చిల్లులు పడ్డ పెద్దాఫీసరు కూడా అప్పుడే బాణాలు చూసుకుంటూ వచ్చి పెరట్లో తేలాడు. పెరట్లోంచి ముందు గేటు, గేటు బయట కాలనీ రోడ్డు. అతని మొహం వెలిగిపోయింది.

"శభాష్! ఎవరి గోడా ముట్టుకోనక్కర్లేదు, ఇదొక్కటి తప్ప. ప్రజల కోసం సొంత పెరడు ఇచ్చేసిన ఇంజనీరు!"

చప్పట్లు మోగాయి. ఇంజనీరు కళ్ళు చెమర్చాయి. దారి దొరికినందుకో, పెరడు పోయినందుకో అతనికే తెలియలేదు.

"చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది. అడిగితే చెప్పేదాన్నిగా నాయనా!" అంది అత్తగారు, ఎట్టకేలకు.

ఇప్పుడు ఇంజనీరు తన పెరట్లోంచి బట్టలు తీసుకురావాలన్నా కుడీ ఎడమా చూసుకునే దాటుతున్నాడు.