ఎలుగు కోసం కొన్న రివాల్వర్

సెప్టెంబరులో ఆ శనివారం ఓరిన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తెలతెలవారుతుండగా ష్రైవర్ వాగు దగ్గర బండి ఆపాలి. బావమరిది గార్త్‌ని వెంటబెట్టుకుని వాగు వెంట అడవిలోకి నడవాలి. విల్లుతో ఒక ఎల్క్ దుప్పిని కొట్టి, చలికాలానికి సరిపడా మాంసం ఇంటికి తేవాలి. మొంటానాలో ఆ కొండల కింద పుట్టినవాళ్లకు ఇది బజారుకెళ్లి కూరలు తేవడం లాంటి పనే. ఓరిన్ బడి బస్సులు బాగుచేసే మెకానిక్. యాభై దాటిన నిదానస్తుడు. ఇన్నేళ్లూ అడవిలో అతనికి ఏ ఇబ్బందీ రాలేదు, కాకపోతే ఇన్నేళ్లూ అతను ఒక్కడే వెళ్లేవాడు.

కాఫీ ఫ్లాస్కు చేతికిస్తూ డెల్లా మొగుడి కళ్లలోకి చూసింది.

"ఓరిన్, వాణ్ని తీసుకెళ్లినట్టే తీసుకురా. పూర్తిగా."

"పూర్తిగా అంటే?"

"అంటే కాళ్లు, చేతులు, ముక్కు, చెవులు. గుమ్మంలోనే అన్నీ సరిచూసుకుంటాను."

ఆమె నవ్వుతూనే అంది గానీ అందులో నవ్వు లేదు. తల్లి పోయినప్పటినుంచీ తమ్ముణ్ని ఆమే పెంచింది. గార్త్‌కి గడ్డం నెరుస్తున్నా, ఆమె దృష్టిలో వాడికింకా తల దువ్వుకోవడం రాదు. పైగా పోయిన శరత్కాలంలో అదే వాగు ఎగువన ఒక వేటగాడు కనిపించకుండా పోయాడు. వెతకడానికి వెళ్లినవాళ్లకు ఒక బూటు మాత్రం దొరికింది. దాని లేసు ముడి వేసినట్టే ఉంది. ఆ ముడి సంగతి ఊళ్లో ఎవరూ పైకి మాట్లాడరు.

"తుపాకీ ఒంటి మీదే ఉండాలి. సంచిలో పడేసి తిరగడం, చెట్టుకి తగిలించి కూర్చోవడం కుదరదు. మాటివ్వు," అంది డెల్లా. ఓరిన్ మాటిచ్చాడు.

ఆ తుపాకీని ఎంచింది గార్త్. వాడికి సొంతంగా తుపాకీ లేదు, సలహాలు మాత్రం బండెడు ఉన్నాయి. శీతాకాలమంతా సోఫాలో పడుకుని ఎలుగుల వీడియోలు చూశాడు. దుకాణంలో ఓరిన్ తన చేతికి హాయిగా ఇమిడే చిన్న పిస్తోలు ఒకటి పట్టుకుని చూస్తుంటే, గార్త్ దాన్ని లాక్కుని బల్లమీద పెట్టేశాడు.

"అది వద్దు బావా. దాంతో కాలిస్తే ఎలుగుకి చక్కిలిగింతలు పుడతాయి. ఇదిగో, ఇదీ వస్తువంటే."

ఆ వస్తువు ఓ మోస్తరు సుత్తంత బరువున్న రివాల్వర్. గొట్టంలో బొటనవేలు దూరుతుంది. కంకర గుంటలో ఓరిన్ దాన్ని ఒకే ఒక్కసారి పేల్చాడు. గుండు ఎటు పోయిందో తెలియలేదు గానీ రివాల్వర్ మాత్రం అతని నుదుటిదాకా వచ్చి ఆగింది. మణికట్టు వాచి, వారం పాటు స్పానర్ తిప్పలేకపోయాడు.

"సాధన చాల్లే బావా. మిగతా గుళ్లు ఎలుగు ఎదురైనప్పుడు కాల్చుకోవచ్చు," అని గార్త్ ధైర్యం చెప్పాడు.

బండి దిగాక అసలు చిక్కు మొదలైంది. ఒరని ఛాతీ మీద కట్టుకుంటే, విల్లు లాగినప్పుడల్లా తాడు వచ్చి రివాల్వర్ పిడికి తగులుకుంటోంది. సరిచూద్దామని వేసిన మొదటి బాణం వాగు దాటి పొగమంచులోకి పోయి మళ్లీ కనిపించలేదు. నడుముకి కట్టుకుంటే వీపు సంచి పట్టీ దానిమీదుగా పోతోంది.

"ఇలా అయితే ఎలుగు వచ్చినప్పుడు దాన్ని కాస్త ఆగమని, సంచి దించి, అప్పుడు తీయాలి," అన్నాడు ఓరిన్.

"తొడకి కట్టు బావా. వీడియోల్లో అలాగే కడతారు."

తొడకి కట్టుకుంటే అడుగడుగునా గొట్టం మోకాలి చిప్పను కొట్టింది. ఓరిన్ కుంటుకుంటూ వాగు ఒడ్డున అటూ ఇటూ నడిచి చూసి, చివరికి విసుగెత్తి రివాల్వర్‌ని సంచి పై అరలో, బేకన్ శాండ్‌విచ్‌ల పక్కన కుక్కాడు.

"మరి అక్కకిచ్చిన మాట?" అన్నాడు గార్త్.

"సంచి నా ఒంటి మీదుంది. తుపాకీ సంచిలో ఉంది. అంటే తుపాకీ నా ఒంటి మీద ఉన్నట్టే."

"అక్క ముందు ఇలా అనగలవా?"

"అనలేను. నువ్వూ అనకు."

గార్త్ నడుముకి మాత్రం ఎలుగుల మీద కొట్టే కారం స్ప్రే డబ్బా వేలాడుతోంది. అది ఎప్పటిదో వాడికీ తెలియదు, డబ్బాకి తుప్పు పట్టి అక్షరాలు చెరిగిపోయాయి.

అడవిలోకి వెళ్లేకొద్దీ పొగమంచు చిక్కబడింది. సన్నగా పొడుగ్గా నిలబడ్డ పైన్ చెట్లు నాలుగడుగుల తర్వాత మాయమవుతున్నాయి. మామూలుగా మనిషి అడుగు పడితే చాలు, ఆ చెట్ల మీది ఉడుతలు తిట్ల దండకం ఎత్తుకుంటాయి. ఆవేళ ఒక్క ఉడుతా నోరు మెదపలేదు. వాళ్లు నడిస్తే వెనకెక్కడో చితుకు విరిగిన చప్పుడు, ఆగితే చప్పుడూ ఆగేది. ఓరిన్ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. మంచు తప్ప ఏమీ లేదు. సంచిలో ఉన్న రివాల్వర్ కెనడాలో ఉన్నంత దూరంగా అనిపించింది.

ముందు వాసన వచ్చింది. తర్వాత మట్టి దిబ్బ కనిపించింది. గడ్డి, మట్టి, విరిగిన కొమ్మలు ఎవరో పార పెట్టి ఎత్తిపోసినట్టుంది. దాని అంచున ఒక దుప్పి కాలు పైకి లేచి, గిట్ట ఆకాశం వైపు తిరిగి ఉంది. దిబ్బ మీది మట్టి ఇంకా తడిగా ఉంది.

"ఎలుగు పాతిపెట్టుకుని వెళ్లిపోయింది బావా," అని గార్త్ గొణిగాడు.

"అన్నం గిన్నె మీద మూత పెట్టి ఎవరన్నా ఊరు విడిచి పోతార్రా? ఇక్కడే ఎక్కడో పడుకుని మనల్ని చూస్తుంటుంది. పద, వెనక్కి."

సరిగ్గా అప్పుడే మంచులోంచి మగ దుప్పి అరిచింది. సన్నగా మొదలై, పైకి పోయి, ఏడుపులా విరిగే అరుపు. ఆ కొండల్లో పుట్టినవాడు సెప్టెంబరులో ఆ అరుపు విన్నాక ఇంటికి పోయిన దాఖలా లేదు. ఇద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మట్టి దిబ్బ సంగతి ఇద్దరికీ గుర్తుంది, ఇద్దరూ మర్చిపోయినట్టు నటించారు.

పద్ధతి ప్రకారం గార్త్ వెనకే ఉండి, వెంట తెచ్చిన ప్లాస్టిక్ గొట్టంలో ఊది మగ దుప్పిలా అరవాలి. ఓరిన్ ముందుకు పాకిపోయి, నోట్లో అంగిలికి అతికించుకునే చిన్న రబ్బరు పీకతో ఆడ దుప్పిలా పిలవాలి. సంచి కొమ్మలకు రాసుకుని చప్పుడు చేస్తుందని ఓరిన్ దాన్ని పడిపోయిన మాను పక్కన దించేశాడు. ఆ క్షణంలో అతనికి డెల్లా గుర్తుకు రాలేదు.

చాలా దూరం పాకాక, ఒక పొద పక్కన మోకాళ్ల మీద కూర్చుని నెమ్మదిగా పిలిచాడు. జవాబు లేదు. గాలి కూడా లేదు. ఎదురుగా మంచులో నల్లటి మొద్దు ఒకటి కాస్త ముందుకు జరిగినట్టనిపించింది. మొద్దులు జరగవు కదా అనుకున్నాడు. మొద్దు మళ్లీ జరిగి, తల ఎత్తింది.

అది గ్రిజ్లీ ఎలుగు. మూపు మీద మట్టి అంటుకుని ఉంది. ఊపిరి వదిలితే ఆ వెచ్చటి కుళ్లు కంపు ఓరిన్ మొహానికి తగిలేంత దగ్గరగా నిలబడింది. పరుగెత్తకూడదని, కళ్లలోకి చూడకూడదని, తాను మనిషినని దానికి తెలిసేలా మెల్లగా మాట్లాడాలని ఆ ఊళ్లో చంటిపిల్లలక్కూడా తెలుసు. ఓరిన్ అన్నీ సక్రమంగానే చేశాడు. చూపు దించాడు, మెల్లగా నోరు తెరిచాడు, 'నేను మనిషిని, వెళ్లిపోతున్నాను' అని చెప్పబోయాడు.

"ఈయూ…" అని ఆడ దుప్పి పలికింది.

ఎలుగు చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఓరిన్ నాలుకతో పీకను పీకబోయాడు. భయానికి నోరెండిపోయి అది అంగిలికి బంకలా పట్టేసింది. మనిషిలా మాట్లాడాలని ఎంత గింజుకుంటే ఆడ దుప్పి అంత తియ్యగా పలికింది. చివరికి ఊపిరి వదిలినా పలికింది. ఎలుగు తల పక్కకు వంచి, దుప్పిలా మాట్లాడే ఈ రెండు కాళ్ల జీవి ఏమిటా అన్నట్టు చూసి, ఒక అడుగు ముందుకు వేసింది.

వెనక మంచులో గార్త్ ఇదంతా చెవులారా వింటున్నాడు. బావ ఇంత గొప్పగా పిలవడం వాడెప్పుడూ వినలేదు. ఇక మగ దుప్పి వచ్చి తీరుతుందని సంబరపడిపోయి, గొట్టం ఎత్తి, గుండె నిండా గాలి పీల్చి ఊదాడు. ఎలుగు ఆ అరుపు వైపు తిరిగింది. ఓరిన్‌ని వదిలేసి, ఒక్క పుల్ల కూడా విరగకుండా, పొగలా మంచులోకి జారిపోయింది.

ఒక్క క్షణం ఓరిన్‌కి బతికిపోయాననిపించింది. మరుక్షణం అది ఎటు పోయిందో అర్థమైంది. నోట్లో వేలు పెట్టి పీకను ఊడబెరికి జేబులో పడేశాడు. "ఒరే గార్త్, ఊదకు" అని అరవబోతే ఎండిన గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. వెనక గార్త్ ఇంకోసారి, ఇంకా హుషారుగా ఊదాడు. ఓరిన్ విల్లు పారేసి పరుగు లంకించుకున్నాడు. డెల్లా గుమ్మంలో నిలబడి ఎదురుచూడటం కళ్ల ముందు కనిపిస్తోంది. మాను పక్కన సంచి, సంచిలో రివాల్వర్. దాన్ని బయటికి లాగి, రెండు చేతులా పట్టుకుని అరుపు వినిపించిన వైపు పరిగెత్తాడు.

గార్త్ ఒక ఫిర్ చెట్టుకి వీపు ఆనించి నిలబడ్డాడు. స్ప్రే డబ్బా బుస్సుమని, వాడి బూట్ల మీద ఎర్రటి బొట్లు నాలుగు రాల్చి ఊరుకుంది. వాడి కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, అవి కారానివో కావో తెలియదు. ఎలుగు వాడికి ఎదురుగా, ఓరిన్‌కి వీపు చేసి, ఏ తొందరా లేనట్టు నిలబడి ఉంది. ఓరిన్ గురి పెట్టాడు.

"కాల్చకు బావా," అన్నాడు గార్త్ సన్నగా.

"కదలకు. కాలుస్తున్నా."

"వద్దు బావా, నీకు దణ్ణం పెడతా. ఆ గుండు ఎలుగులోంచి దూరి, నాలోంచి దూరి, ఈ చెట్టులోంచి కూడా పోతుంది. ఎంచింది నేను. నాకు తెలుసు."

ఓరిన్ పక్కకు జరిగాడు. ఎలుగూ జరిగింది. ఎటు నుంచి చూసినా గురి ముందు ఎలుగు, ఎలుగు వెనక గార్త్. అది ముందు పాదం ఎత్తి గార్త్ బూటు పక్కన పెట్టింది. ఆ బూటు లేసు ముడి చూసి ఓరిన్‌కి ఒళ్లు ఝల్లుమంది. గార్త్ నోరు తెరిచినప్పుడల్లా తాను వాణ్ని తిట్టుకుంటాడు గానీ, వాడు లేని ఇల్లు ఎలా ఉంటుందో ఓరిన్ ఊహించుకోలేకపోయాడు.

ఇక ఒకే ఒక్క పని మిగిలింది. ఆ పనికి ఒక చెయ్యి ఖాళీ కావాలి. ఒక చేతిలో ఆగేంత తేలికైన రివాల్వర్ కాదది. ఓరిన్ దాన్ని ముందు పడి ఉన్న ఇంకో మాను మీద మెల్లగా పెట్టి, జేబులోంచి పీక తీసి, వేలితో అంగిలికి నొక్కుకుని, ఎలుగును తన దగ్గరికి పిలిచాడు.

"ఈయూ…"

ఎలుగు వెనక్కి తిరిగింది. ఓరిన్ ఒక్కొక్క అడుగే వెనక్కి వేస్తూ, దారి తప్పిన దూడలా, దెబ్బ తగిలిన దూడలా, తల్లిని వెతుక్కునే దూడలా పిలుస్తూనే ఉన్నాడు. అది వచ్చింది. గార్త్ చెట్టెక్కేశాడు. ఇప్పుడు ఎలుగు వెనక ఎవరూ లేరు, గురి తేటగా ఉంది. ఆ సంగతి తెలిసొచ్చేసరికి ఎలుగు మాను దగ్గర నిలబడి ఉంది. రివాల్వర్ దాని ముక్కు కిందే ఉంది.

ఎలుగు రివాల్వర్‌ని వాసన చూసింది. పిడికి అంటిన బేకన్ కొవ్వు తగిలినట్టుంది, నాలుక చాపి పిడినీ, గొట్టాన్నీ, ఒక్క సందు వదలకుండా తీరిగ్గా నాకింది. ఆ నాలుక చప్పుడు తప్ప అడవి మొత్తంలో ఇంకో చప్పుడు లేదు. తర్వాత తల ఎత్తి ఓరిన్ వైపు చాలాసేపు చూసింది. మొహం గుర్తుపెట్టుకుంటున్నట్టుంది ఆ చూపు. గాలి తిరిగింది. మనిషి వాసన కొట్టగానే అది ముక్కుతో బుసకొట్టి, మట్టి దిబ్బ వైపు వెళ్లిపోయింది. ఎప్పుడు మాయమైందో ఇద్దరిలో ఎవరికీ తెలియదు.

దుప్పి లేదు, మాంసం లేదు. గార్త్ బండి దాకా ఓరిన్ చొక్కా అంచు పట్టుకుని నడిచాడు.

డెల్లా గుమ్మంలోనే తమ్ముడి చేతులు, కాళ్లు, చెవులు చూసుకుంది. ఎర్రబడ్డ కళ్లు చూసి గట్టిగా కావలించుకుంది. ఓరిన్ నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు గానీ గార్త్ అడ్డం పడ్డాడు.

"అక్కా, ఇంత పెద్ద ఎలుగు. బావ చేతిలో ఆ రివాల్వర్ చూసిందంతే, తోక ముడిచింది. పక్కనే ఉన్నాను, కళ్లారా చూశాను."

"తుపాకీ ఒంటి మీదే ఉందా?"

"చేతిలోనే ఉందక్కా."

ఇంటి ముందు ఓరిన్ మళ్లీ నడుముకి కట్టుకున్న ఒరలోంచి డెల్లా రివాల్వర్‌ని రెండు వేళ్లతో పైకెత్తి, వెలుతురులో తిప్పి చూసింది. పిడి నుంచి గొట్టం కొస దాకా ఎండిన చొంగ మెరుస్తోంది, మధ్యలో ముతక గోధుమరంగు వెంట్రుక ఒకటి అతుక్కుని ఉంది. ఆమె మొగుడి మొహం చూసింది, తమ్ముడి మొహం చూసింది. రివాల్వర్‌ని బల్లమీద పెట్టి, వంటింట్లోకి వెళ్లి, అక్కడ చాలాసేపు నిలబడి ఏడ్చింది. బయటికొచ్చి, మొగుడి తల నిమిరి, అన్నం వడ్డించింది.

గార్త్ చెప్పిన కథ ఊరంతా పాకింది. మూడుసార్లు చెప్పాక వాడే నమ్మేశాడు. సోమవారం పొద్దున్నే దుకాణానికి వెళ్లి, తనకూ అలాంటి రివాల్వరే ఒకటి కొనుక్కున్నాడు.