పుట్టగొడుగుల మీద పడ్డ నింద

పెందలాడే బడికి వెళ్లి పరీక్ష పేపర్లు దిద్దేయాలని లెక్కల మాస్టారు ముందురోజే అనుకున్నాడు. తీరా తెల్లారి మంచం మీంచి లేవబోతే పొట్టలో కలుక్కుమంది. "అమ్మో!" అని మళ్లీ వాలిపోయాడు.

వంటింట్లోంచి భార్య పరుగెత్తుకొచ్చింది. "ఏమైందండీ? గ్యాసా?"

"కాదే. కదిల్తే చాలు, కోసేస్తోంది."

"రాత్రి పుట్టగొడుగుల కూర మూడుసార్లు వేయించుకున్నారు కదా..." అంటూనే ఆమె నాలుక కరుచుకుంది. ఆ కూర వండింది ఆమె తల్లి. గుమ్మంలో నిలబడ్డ ఆవిడ విననే విన్నది.

"మంచివేనని అంటగట్టాడే ఆ కొట్టువాడు! అల్లుడికి నా చేత్తో విషం పెట్టానా?" అంది అత్తగారు, మొహం పాలిపోయి.

విషమన్న మాట చెవిన పడగానే భార్యకూ కడుపులో తిప్పినట్టయింది. పైగా రాత్రి పై వాటా పిన్నిగారికి గిన్నెడు కూర పంపారు. సంగతి చెబుదామని వెళ్తే, అంతదాకా హాయిగా మొక్కలకు నీళ్లు పోస్తున్న ఆవిడ చెంబు వదిలేసి, "పొద్దుట్నుంచీ ఏదోలా ఉందే అమ్మాయ్, ఇదన్నమాట!" అని మెట్ల మీద కూలబడింది. పావుగంటలో నలుగురూ ఒకే ఆటోలో ఇరుక్కుని ఆస్పత్రికి చేరారు.

"వాంతులు, విరేచనాలు, జ్వరం ఏమన్నా ఉన్నాయా?" అంది డాక్టరమ్మ. ఎవరికీ లేవు. నొప్పెక్కడంటే పిన్నిగారు ఛాతీ చూపించింది. భార్య కుడివైపు చూపించి, మళ్లీ అడిగితే ఎడమవైపు చూపించింది. అత్తగారు మాత్రం, "నా సంగతి తర్వాతమ్మా, ముందు మా అల్లుణ్ణి బతికించు" అంది.

డాక్టరమ్మ మాస్టార్ని బల్ల మీద పడుకోబెట్టి, పొట్ట నొక్కి, తల పైకెత్తమంది. ఎత్తగానే కెవ్వుమన్నాడు.

"లోపలేం లేదు, కండరాలు పట్టేశాయి. నిన్న బరువులేమైనా ఎత్తారా?"

మాస్టారు గోడకేసి చూశాడు. "బరువులు కాదండీ. పొట్ట తగ్గుతుందని గది తలుపేసుకుని... వెల్లకిలా పడుకుని లేచి కూర్చున్నాను."

"ఎన్నిసార్లు?"

"నూట పదిహేడు." లెక్క దగ్గర ఆయన అబద్ధమాడలేడు.

"అయితే నా కూర?" అంది అత్తగారు పీలగొంతుతో.

"కూరకేం, బంగారంలాంటి కూర! మీ ముగ్గురికీ ఉన్నది భయమే."

అత్తగారు కళ్లొత్తుకుంటూనే ఫక్కున నవ్వింది. పిన్నిగారికి అక్కడికక్కడే ఆకలేసింది. తిడదామని నోరు తెరిచిన భార్య, తిట్టకుండా మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

డాక్టరమ్మ నొప్పిమాత్ర రాసి, వారం దాకా కసరత్తు జోలికి పోవద్దంది. బుద్ధెరిగాక మాస్టారు ఒక డాక్టరు మాటను అంత నిష్ఠగా పాటించడం అదే మొదలు. వారమన్నది ఇప్పటికి మూడేళ్లయింది.