హార్లన్ ఫోర్క్ ముళ్ళపందుల ద్వితీయ మధ్యవీర పరీక్ష

సింహరాశిని చేరిన చండభానుడు నెబ్రాస్కా మైదానమునంతను పెనముమీది అట్టువలె రెండువైపులా కాల్చుచుండగా, దిగంతములవరకు బారులు తీరిన మొక్కజొన్న చేలు గాలిలేక కదలక సమరోత్సవమునకు ముందుగా వచ్చి కూర్చున్న ప్రేక్షకులవలె తలలెత్తి నిలిచియుండగా, ధాన్యపు గాదెల యినుప గోపురములు తప్ప నీడ యనదగినది మరేదియు కానరాకుండగా, ప్లాట్ నదికి దక్షిణమున వెలసిన హార్లన్ ఫోర్క్ కళాశాలలో, ముళ్ళపందులు అను పేరుగల అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు సాధనచేయు క్రీడాక్షేత్రమున, తొలి సమరమునకు వారము మాత్రమే మిగిలియున్న యొకానొక దినమున, లోకము విననిదియు, వినినను లక్ష్యపెట్టనిదియు నగు ఒక ఘోరసంగ్రామము సంభవించెను.

ఆ సంగ్రామమునకు నాయకుడు వెర్లిన్ స్టకీ. శత్రువు బంతిని చంకబెట్టుకొని దూసికొనివచ్చునపుడు ఎదుట కోటగోడవలె నిలువవలసిన భీమకాయుల పంక్తికి అతడు గురువు, సేనాని, అవసరమైనపుడు తల్లి. తన రెండు మోకాళ్ళను యౌవనమున అదే పంక్తిలో ధారవోసినవాడగుటచే మెట్లు దిగునపుడు పీతవలె పక్కకు నడచును. ఈల అతని మెడలో వ్రేలాడును గాని దానిని ఊదడు. అతని కంఠమే చాలును.

ప్రతి సంవత్సరము ఆగస్టు మాసాంతమున చేయునట్లే ఆ మహానుభావుడు తన సేనయొక్క లోతును పరీక్షించెను. పార్శ్వములు రెండును నిండుకుండలు. కుడివైపు వీరునికి చీలమండ బెణికినచో వాని వెనుక మరొకడు కలడు; ఆ మరొకడు అలసినచో ఇంకొకడు పండ్లు కొరుకుచు సిద్ధముగా నుండును. ఎడమవైపును అట్టిదే. అయితే పంక్తికి ప్రాణస్థానమగు నడిమిచోట, బంతికి ఎదురుగా ముక్కు ఆనునంత దగ్గరలో వంగి నిలువవలసిన ఆ భయంకరస్థానమున, గజస్కంధుడు, శిలావక్షుడు, మిసిసిపీ దేశాగతుడు అయిన లమార్ టాలివర్ ఒక్కడే యుండెను. అతని వెనుక గాలి యుండెను.

గాలి ఎంతవరకు నిలుచునో వెర్లిన్‌కు తెలియును. క్రిందటి శరత్కాలపు కడపటి ఆటలో టాలివర్ ఒక్కసారియు బయటికి రాక, కూర్చుండక, పోరుచు పోరుచు చివరి ఘట్టమున రెండు పిక్కలు కొయ్యబారి నేలకొరిగెను. అతడు కుంటుచు లేచి మరల నిలువగా, శత్రువులు పెండ్లిపందిరిలోనికి వచ్చు చుట్టములవలె నవ్వుచు ఆ నడిమిచోటుగుండానే పోయిరి. తిరుగుప్రయాణమున బస్సులో ఆ మహాకాయుడు కిటికీవైపు ముఖము త్రిప్పుకొని ఏడ్చెను. పక్క ఆసనమున కూర్చున్న వెర్లిన్‌కు ఒక్క మాటయు తోచలేదు. తోచని ఆ మాట వేసవియంతయు అతనిని వెన్నాడుచునే యుండెను.

టాలివర్ వెనుక నిలువదగిన దేహము ఆ కళాశాలలో ఒక్కటే యుండెను. అది పందులపెంపకందారుని కుమారుడగు టోబియాస్ క్రాల్ అను ఇరువదియేండ్ల యువకునిది. దేహమున లోపమేమియు లేదు. తలుపులలో పక్కకు తిరిగి దూరును. కాని ఆ దేహమున వసించు ఆత్మ పరమసాధువు. ఎదుటివానిని తాకిన మరుక్షణమే వెనుదిరిగి క్షమాపణ వేడును.

మధ్యాహ్నము భోజనశాలలో వెర్లిన్ చిల్లీ అను మాంసపుకూర గిన్నెలో, ఆ సీమ ఆచారము చొప్పున, దాల్చినచెక్క తీపిరొట్టెను ముంచుకొని తినుచుండగా సర్వసేనాధిపతి గార్త్ నోవోట్నీ పళ్ళెముతో వచ్చి ఎదుట కూర్చుండెను. అతని వెనుకనే డ్యూయీ రస్క్ వచ్చెను. రస్క్ బంతి పట్టిన పక్షమునకు దారిచేయు పంక్తికి గురువు. ఎక్కడ ఒక లావుపాటి విద్యార్థి కనబడినను అతని కన్ను చెమర్చును.

నోవోట్నీ మేఘగంభీరస్వరముతో ఇట్లడిగెను:

“వెర్లిన్, నీ నడిమిచోటు సంగతేంటి? టాలివర్ వెనకాల ఎవరు?”

“క్రాల్.”

“క్రాలా!” అని రస్క్ చెంచా క్రింద పెట్టెను. “నిన్న మావాణ్ణి గుద్ది, పడిపోతే చెయ్యిచ్చి లేపాడయ్యా నీ క్రాలు. ‘దెబ్బ తగిల్లేదు కదా’ అని అడిగి, వీపు మీద గడ్డి కూడా దులిపాడు. వాణ్ణి నాకిచ్చెయ్. నా దగ్గర పనంతా బంతి విసిరేవాణ్ణి కాపాడ్డమే. మంచితనం నా దగ్గర చెల్లుతుంది, నీ దగ్గర చెల్లదు.”

“నీ దగ్గర ఇప్పటికే బెంచీ పట్టనంతమంది ఉన్నారు కదా డ్యూయీ. ఇంకా కడుపు నిండలేదా?”

“బెంచీ మార్పిస్తాలే.”

“గొడవొద్దు,” అనెను నోవోట్నీ. “ఇవాళ ప్రాక్టీసులో గోల్ గీతకి మూడు గజాల దూరంలో బంతి పెడతా. రస్క్ వాళ్ళకి నాలుగు అవకాశాలు. టాలివర్ మైదానం బయట ఉంటాడు, క్రాల్ నడిమిలో ఉంటాడు. బంతి గీత దాటకపోతే వాడు నీవాడు. దాటితే రేపట్నించి రస్క్ వాడు.”

అప్పుడు వెర్లిన్ ప్లాస్టిక్ కుర్చీనుండి లేచెను. లేచుటకు కొంతసేపు పట్టెను. తరువాత కుడిచేతిలోని తీపిరొట్టెను గదవలె పైకెత్తి, భోజనశాల దద్దరిల్లునట్లు ప్రతిజ్ఞ చేసెను:

“వాడు నిలబడతాడు. రాసిపెట్టుకోండి. వాడు నిలబడకపోతే నేనే వెళ్ళి నిలబడతా!”

“ఆ మోకాళ్ళతోనా? కూర్చో బాబూ,” అనెను రస్క్. “చిల్లీ చల్లారిపోతోంది.”

అపరాహ్ణమున సేనలు మోహరించెను. శిరస్త్రాణములు పెళపెళలాడెను. దోమలు కూడ ఎండకు భయపడి చేలలోనే ఆగిపోయెను. వెర్లిన్ తన సాధుశిష్యుని పక్కకు పిలిచి, ఇరుభుజములు పట్టుకొని, వేసవియంతయు మనసున కూర్చుకొనిన యుద్ధోపదేశమును ప్రారంభించెను:

“ఒరే టోబీ, విను. ఈ నడిమిచోటు ఉందే, ఇది చోటు కాదు, తలుపు. నువ్వు మనిషివి కాదు, గడియవి. అవతల వస్తున్నది మనుషులు కాదు, ఇల్లు కూల్చడానికొచ్చిన వరద! ఆ వరదకి జాలి లేదు, నీకూ ఉండకూడదు...”

“కోచ్,” అనెను క్రాల్, “అవతల ఉన్నది బ్రెంట్ కదండీ. నా రూమ్మేటు.”

వెర్లిన్ వరదను అక్కడనే వదలివేసెను.

“నడుము వంచు,” అనెను. “అంతే. నడుము వంచు, పైకి లేవకు.”

తొలి అవకాశము. బంతి కదలినదో లేదో, రస్క్ శిష్యులలో అతికాయులిద్దరు జోడెద్దులవలె కలిసి క్రాల్ పైకి ఉరికిరి. ఆ సాధువు వారిని చూడగానే మర్యాదకు లేచినట్లు నిటారుగా లేచెను. లేచినవానిని నెట్టుట ఎంతసేపు? చక్రములు పూన్చిన బీరువావలె అతడు వెనుకకు జరిగిపోగా, బంతి గజము ముందుకు పోయెను. దుమ్ము అణగక ముందే ఒక మృదుస్వరము వినవచ్చెను:

“సారీ, బ్రెంట్. కాలు తొక్కానా?”

“లేదులేరా,” అనెను బ్రెంట్, అతని రొమ్ముపైనుండి లేచుచు.

రెండవ అవకాశమును అట్లే ముగిసెను. అదే ఉత్థానము, అదే పలాయనము, అదే క్షమాపణ. బంతి ఇప్పుడు గీతకు గజము దూరమున నిలిచెను. రస్క్ పొద్దుతిరుగుడు గింజలు నమలుచు, పొట్టు ఉమియుచు, క్రాల్ కొలతలకు తగిన, తన పంక్తి రంగుగల కొత్త చొక్కాను అప్పుడే ఊహించుకొనుచుండెను.

అప్పుడు సరిహద్దు గీతపై నిలిచియున్న లమార్ టాలివర్, ఎవరును పిలువకుండగనే శిరస్త్రాణము ధరించి వెర్లిన్ చెంతకు వచ్చెను.

“కోచ్, నేను వెళ్తా. వాడివల్ల కాదు.”

వెర్లిన్ హృదయమున ఆ క్షణమున జరిగిన యుద్ధము మైదానమున జరిగినదానికి ఏమాత్రము తీసిపోదు. టాలివర్ పోయినచో బంతి అంగుళమైనను కదలదు. రస్క్ నోరు మూతబడును. కాని నవంబరు వచ్చును. చివరి ఘట్టము వచ్చును. ఈ బాలుడే మరల కిటికీవైపు ముఖము త్రిప్పుకొనును. ఒక్క “వెళ్ళు” అను మాట నాలుక చివరివరకు వచ్చెను. ఆ వీరుడు దానిని దిగమ్రింగెను.

“వద్దు. కూర్చో లమార్.”

“కూర్చోలేను కోచ్. చూస్తూ ఎలా కూర్చోను?”

“అయితే వెళ్ళి వాడితో మాట్లాడు. నా మాట వాడికి ఎక్కట్లేదు.”

టాలివర్ మైదానము మధ్యకు నడచిపోయి, క్రాల్ ముఖకవచపు కమ్మిని వ్రేళ్ళతో పట్టుకొని, తన ముఖము దగ్గరకు లాగెను.

“టోబీ, ఆళ్ళకెందుకురా సారీ?”

“గట్టిగా తగిలిందేమోనని, లమారన్నా...”

“ఆళ్ళకి బానే ఉంది. చూడు, నవ్వుతున్నారు. నాకు బాలేదు. పోయినేడాది ఆట మొత్తంలో నేనొక్కసారి కూర్చోలేదు, తెలుసా? ఎందుకో తెలుసా? నా వెనకాల ఎవడూ లేడు. నువ్వు నిటారుగా లేచిన ప్రతిసారీ నేను మళ్ళీ హెల్మెట్టు పెట్టుకోవాలి. సారీ చెప్పాలని అంతగా ఉంటే నాకు చెప్పరా.”

క్రాల్ నేత్రములు విశాలములయ్యెను. ఇంతవరకు తన మంచితనము ఎవరికి నొప్పి కలిగించుచున్నదో అతనికి తట్టనేలేదు.

“సారీ అన్నా,” అనెను మెల్లగా.

“నోటితో కాదు. నడుంతో చెప్పు.”

మూడవ అవకాశమున జోడెద్దులు మరల ఉరికిరి. ఈసారి క్రాల్ లేవలేదు. లేవబోయెను; భుజములు కొంచెము కదలెను; అయినను లేవలేదు. బంతి పట్టినవాడు నడిమిచోటికి వచ్చి, అక్కడ నిన్నటివరకు లేని ఒక వస్తువును గ్రుద్దుకొని, బయలుదేరినచోటనే పడిపోయెను. రస్క్ నమలుట ఆపెను.

ఇక నాలుగవది.

నోవోట్నీ ఈల మ్రోగినంతనే, ఇరువైపుల కవచములు కొండచరియ విరిగిపడినట్లు ఢీకొనగా, బ్రెంట్ ఎడమనుండియు వాని సహచరుడు కుడినుండియు క్రాల్ పక్కటెముకలలో భుజములు గ్రుచ్చి పుడమినుండి పెల్లగింప జూడగా, వారి వెనుక మరియొకడు వచ్చి వారిని నెట్టగా, ఆ మూవురి బలమును వెన్నుపై మోయుచు, బూటుముళ్ళు గడ్డిని చీల్చి మట్టిని చీల్చి ఇంకను లోనికి దిగగా, చెమట కన్నులలో పడి లోకమంతయు ఉప్పునీటి తెరయై మసకబారగా, తొడలు వణకగా, గొంతునుండి పందుల కొట్టమున కూడ ఎన్నడు వినబడని యొక మూలుగు వెలువడగా, టోబియాస్ క్రాల్ లేవలేదు! అతని శిరస్సు నేలవైపే యుండెను, అతని నడుము వంగియే యుండెను, బంతి పట్టినవాడు ఆ గుట్టపైకి ఎగిరి, గుట్టపైననే ఆగి, గుట్టతోపాటు మెల్లగా, అతిమెల్లగా, అలసిన ఏనుగు మోకరిల్లినట్లు, నేలకు దిగెను.

ఈల మరల మ్రోగెను. నోవోట్నీ గుట్టను ఒక్కొక్కనిగా విడదీయించి, వంగి, బంతికిని గీతకును నడుమ తన అరచేతిని ఉంచి చూచెను. అరచేయి పట్టెను. బెత్తెడు దూరము!

గుట్ట అట్టడుగునుండి ఒక ప్రశ్న వినవచ్చెను:

“బ్రెంట్, సారీ... లమారన్న కూర్చున్నాడా?”

నోవోట్నీ లేచి నిలిచి మోకాలి మట్టి దులుపుకొని తీర్పు చెప్పెను:

“వెర్లిన్, నీవాడే.”

“అదృష్టం,” అనెను రస్క్, పొట్టు ఉమిసి. కాని పోవుచు పోవుచు క్రాల్ చెంత ఆగి, భుజము తట్టి, “బాగా నిలబడ్డావురా. మనసు మారితే నా గది తలుపు తీసే ఉంటుంది,” అనెను. ఆశ యన్నది అట్టిది.

“మరి మూడోవాడెవరు?” అని అడిగెను నోవోట్నీ.

వెర్లిన్ ఆ ప్రశ్నను వినలేదు. విననట్లు నటించెననియు కొందరందురు. అతడు పక్కకు నడచుచు సరిహద్దు గీతవద్దకు పోయి, ఇంకను శిరస్త్రాణముతో నిలిచియున్న టాలివర్ ముందు ఆగెను. బస్సులో తోచని మాట అప్పుడు తోచెను.

“ఇంక కూర్చోరా,” అనెను.

మైదానమున ఆట సాగుచునే యుండెను. నడిమిచోట ఒక వెడల్పాటి వీపు వంగియుండెను, దానిని ఇద్దరు నెట్టుచునే యుండిరి, అది తన చోటనే యుండెను. ఓ దిక్కులారా, ఓ ధాన్యపు గాదెలారా, ఓ చెవులు రిక్కించిన మొక్కజొన్న కంకులారా, ఆలకింపుడు! ఆగస్టు మాసపు ఆ మండుటెండలో, హార్లన్ ఫోర్క్ ముళ్ళపందుల మహాసేనయందు, ఎవరును పడిపోకుండగనే, ఆట ఆగకుండగనే, లమార్ టాలివర్ శిరస్త్రాణము తీసి, బెంచీపై కూర్చుండి, గ్లాసెడు నీళ్ళు త్రాగెను.