అందరికీ సమ్మతమైన మౌనం

ఆ ఉదయం కోసం లెక్చరరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఊళ్లోని అన్ని మతాల పెద్దలూ యూనివర్సిటీకి వస్తారు, తలా కాసేపు మాట్లాడతారు, టీ తాగి వెళ్తారు. వాళ్లందరినీ ఒప్పించడానికి ఆమె కాళ్లరిగేలా తిరిగింది. పైకి చెప్పిన కారణం ప్రజాజీవితంలో మతాల పాత్ర. అసలు కారణం, ఆ పెద్దల్లో ఒకరు ఆమె నాన్న. ఆమె వేరే మతం అబ్బాయిని పెళ్లి చేసుకున్నప్పటి నుంచి ఆయన కూతురితో మాట మానేశాడు. వేదిక మీద ఆయన ఎవరితో మాట్లాడినా సరే, ఆ గొంతు ఒక్కసారి వినాలని ఆమె ప్రాణం కొట్టుకుపోతోంది.

నాన్న కుర్చీ తప్ప అన్నీ నిండాయి. ఎవరి ప్రార్థనతో మొదలుపెట్టాలన్న దగ్గర పేచీ వచ్చింది.

"ఊళ్లో ముందు నుంచీ ఉన్నది మేమే కదా" అన్నాడొక పెద్దాయన.

"ఎక్కువమంది ఉన్నది మేము" అన్నాడు పక్కాయన.

"ఎవరిదీ వద్దు. అందరం కళ్లు మూసుకుని కాసేపు మౌనంగా ఉందాం" అన్నారు శాఖ హెడ్డుగారు.

ఎవరూ కాదనలేదు. ఆ మౌనాన్ని ఎవరు ముగించాలో కూడా ఎవరూ అడగలేదు. మొదటి పెద్దాయన తన ప్రార్థన కానిచ్చి ఓరకంట చూశాడు. పక్కాయన కళ్లు మూసుకునే ఉన్నాడు. వాళ్ల ప్రార్థన పొడుగేమో, మధ్యలో కదిలితే మర్యాద కాదని మొదటాయన మళ్లీ కళ్లు మూసుకున్నాడు. సరిగ్గా అప్పుడే పక్కాయన తెరిచి చూసి, అదే అనుకుని మూసుకున్నాడు. హెడ్డుగారైతే నిద్రపోయారు. ఆయన తల వాలడం చూసినవాళ్లు, ఎంత భక్తి అనుకున్నారు.

లెక్చరరమ్మ ముగించవచ్చు, ముగించలేదు. మౌనం అయిపోతే సభ మొదలవుతుంది. మొదలైతే నాన్న రానట్టే లెక్క. అది సాగినంతసేపూ ఆయన ఇంకా రావచ్చు.

పెద్దలకు ఇవ్వాల్సిన పూలగుత్తులు తెచ్చిన పూలకొట్టాయన, లోపల అలికిడి లేకపోవడంతో వాటిని గుమ్మం పక్కనున్న పోస్టరు కింద పేర్చి వెళ్లాడు. పోస్టరు మీద లెక్చరరమ్మ నవ్వుతున్న ఫోటో ఉంది. తర్వాత టీ తెచ్చిన క్యాంటీనావిడ లోపల వంగిన తలలు చూసింది, బయట ఫోటో కింద పూలు చూసింది, కళ్లు తుడుచుకుంది.

"ఏమైందమ్మా?" అన్నాడు వాచ్‌మన్.

"నిన్ననే కదయ్యా, టీలో చక్కెర ఎక్కువైందని నన్ను తిట్టింది. బంగారంలాంటి మనిషి."

వాచ్‌మన్ టోపీ తీశాడు. కబురు పక్క భవనానికి చేరేసరికి క్లాసులు రద్దయ్యాయి. విద్యార్థులు ఆ దుఃఖాన్ని ధైర్యంగా భరించి గేటు వైపు నడిచారు.

రానని హెడ్డుగారికి తెగేసి చెప్పిన నాన్న పొద్దుటి నుంచీ ఆ గేటు ఎదురుగానే నిలబడి ఉన్నాడు. లోపలికి రావడానికి కాళ్లు రావు, ఇంటికి పోవడానికి మనసు రాదు.

"ఏమైంది బాబూ, అందరూ వెళ్లిపోతున్నారు?"

ఒక విద్యార్థి చెప్పాడు. ఆయన పడుతూ లేస్తూ పరుగెత్తాడు. ఫోటో చూశాడు, పూలు చూశాడు, తలుపు తోశాడు.

"చిట్టీ."

లెక్చరరమ్మ కళ్లు తెరవలేదు. ఆ పిలుపు ఆమెకు కలల్లో చాలాసార్లు వినిపించింది. కళ్లు తెరిచిన ప్రతిసారీ పోయింది.

"నిన్నే తల్లీ, కళ్లు తెరువు."

"తెరిస్తే వెళ్లిపోతారు నాన్నా."

ఆయన పక్క కుర్చీలో కూలబడి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అప్పుడు తెరిచింది.

"ఉన్నావా?"

"ఉన్నాను నాన్నా."

"మరి బయట ఆ పూలేమిటి? ఇంతలా చిక్కిపోయావేం? మీ ఆయనకు నీ తిండి సంగతి పట్టదా?"

హెడ్డుగారు ఉలిక్కిపడి లేచి, "ఇక పెద్దలు తలా అయిదు నిమిషాలు మాట్లాడతారు" అని ప్రకటించారు.

"ముందు నన్ను కానివ్వండి" అన్నాడు నాన్న, కూతురి చెయ్యి వదలకుండానే.

మిగతా పెద్దల వంతు ఆ రోజుకి రాలేదు.