నూకరాజు బండి ఎదిగిన వైనం

మాఘమాసంలో ఒక బుధవారం పొద్దున నూకరాజు చిన్న ట్రాలీ బండి జానెడు పెరిగింది. ఇంట్లో ఎవరూ కంగారు పడలేదు, ఎందుకంటే అప్పటికే జిల్లాలో చిన్న బండ్లన్నీ పెరిగిపోయాయి. కొన్ని ఇంటి ముందు నిలబడి పెరిగాయి, కొన్ని షోరూములోనే పెరిగి వచ్చాయి. పులగుర్తిలంకలో చిన్నదంటూ మిగిలింది ఇదొక్కటే. చంటిపిల్లకి పన్నొచ్చిందని తెలిసి వచ్చినట్టు ఎదురింటివాళ్లు వచ్చి, బండిని చుట్టూ తిరిగి చూసి, టీ తాగి వెళ్లారు.

ఆ బండి గురించి కొంచెం చెప్పుకోవాలి. ముందు ఇద్దరు కూర్చోవచ్చు, మూడోవాడు ఎక్కాలంటే ఆ ఇద్దరితో మంచిగా ఉన్నవాడై ఉండాలి. వెనక తొట్టిలో మాత్రం గులాబీలు, క్రోటన్లు, కొబ్బరి మొక్కలు ఎన్ని పెడితే అన్ని పట్టేవి. లంకలో నర్సరీలన్నీ పంటకాలవకి ఇవతల ఉన్నాయి, లారీలు ఆగే రోడ్డు అవతల ఉంది. మధ్యలో ఒక బుల్లి వంతెన. అద్దాలు మడుచుకుని ఆ వంతెన దాటగలిగింది నూకరాజు బండే. అది దాటితేనే లంకలో మొక్క బయట ప్రపంచాన్ని చూసేది, అది దాటితేనే నూకరాజు ఇంట్లో పొయ్యి వెలిగేది.

ఇలాంటిదే ఇంకోటి కొనిపెట్టుకుందామని నూకరాజు అంతకుముందే షోరూముకి వెళ్లి వచ్చాడు. టై కట్టుకున్నాయన అతన్ని మర్యాదగా తీసుకెళ్లి మేడంత బండి ముందు నిలబెట్టాడు.

"ఇదే సార్ చిన్నది."

"దీనికంటే చిన్నది లేదేటండి?"

"దీనికంటే చిన్నదంటే బొమ్మల కొట్లో అడగాలి సార్."

నూకరాజు ఆ చిన్నదాని నీడలో కాసేపు నిలబడి, చల్లగా ఉందని ఒప్పుకుని, బస్సెక్కి వచ్చేశాడు.

ఇప్పుడు తన బండే పెరగడం మొదలుపెట్టింది. తీరా చూస్తే పెరిగేదంతా ముందు వైపే. మూతి ముందుకొచ్చింది, కాబిన్ పైకి లేచింది, సీట్లకి దిళ్లు మొలిచాయి, రెండు తలుపుల వెనక ఇంకో రెండు తలుపుల మొగ్గలు కనిపించాయి. ఆ మేరకు వెనక తొట్టి లోపలికి తగ్గిపోతూ వచ్చింది. ఇలా జరిగినప్పుడు ఎదుగుదల విభాగానికి తెలియజేయాలని చట్టం ఉంది కాబట్టి నూకరాజు తెలియజేశాడు. మర్నాడే ఇన్‌స్పెక్టరు పద్మనాభం టేపు పట్టుకుని వచ్చాడు. మనిషి నెమ్మదస్తుడు. చెప్పులు బయట విడిచి మరీ బండి దగ్గరికి వెళ్లాడు.

"ఆరోగ్యంగా ఉంది నూకరాజూ. అభినందనలు," అన్నాడు కొలిచాక.

"తొట్టి తగ్గిపోతందండి. నిన్న గులాబీలు సగమే పట్టాయి."

"ముందుకి ఎదిగేటప్పుడు వెనక కొంత తగ్గుతుంది. ఎవరికైనా అంతే. మొహం చూడు, ఎంత కళొచ్చిందో!"

కళొచ్చిన మాట నిజమే. లైట్లు రెండూ ఎవరి మీదో కోపమొచ్చినట్టు పైకి లేచాయి. అయినా నూకరాజు మనసు కుదుటపడలేదు.

"మరి మొక్కలు ఎందులో మొయ్యాలండి?"

"ఇంకా మోత గురించే ఆలోచిస్తున్నావా?" అన్నాడు పద్మనాభం జాలిగా. "అది ఆ దశ దాటిపోయింది. ఇప్పుడు దానిది హోదా."

హోదాకి వంతెన సంగతి తెలియదు కదా. వారం తిరిగేసరికి బండికీ వంతెన గోడలకీ మధ్య బెత్తెడు సందు మిగిలింది. ఇంకొక్కసారి పెరిగితే లంకలో మొక్కలన్నీ లంకలోనే ముసలివైపోతాయి. నూకరాజుకి అన్నం సహించలేదు. కంచం ముందు కూర్చుని బండి వైపు చూస్తూ, చేతికందొచ్చిన కొడుకు చెడు సావాసాలు పట్టినట్టు బాధపడ్డాడు.

అతని భార్య వీరవేణి అంత తొందరగా బాధపడే మనిషి కాదు. ఇంటి వెనక ఆమెకో చిన్న నర్సరీ ఉంది. అందులో ఆమె మరుగుజ్జు చెట్లు పెంచుతుంది. జానెడు ఎత్తు చింతచెట్టు, అరచేతిలో పట్టే సపోటా, గ్లాసులో నిలబెట్టదగ్గ జువ్విచెట్టు. చూడ్డానికొచ్చినవాళ్లు ఇంత పెద్ద చెట్టుని ఇంత చిన్నగా ఎలా ఉంచావమ్మా అని అడిగితే ఆమె ఎప్పుడూ ఒకే మాట చెప్పేది.

"కుండీ చిన్నదైతే చాలండి. మిగతాది చెట్టే చూసుకుంటుంది."

ఆ పూట ఆమె కంచం ఎత్తేస్తూ మొగుడితో అంది: "బండైతే మాత్రం ఏంటి? పెరిగేదేగా. కత్తిరిత్తే సరి."

మర్నాడు కత్తెర, రాగితీగ పట్టుకుని బండి చుట్టూ తిరిగింది. కొత్తగా మొలిచిన తలుపుల మొగ్గలు ముందు గిల్లేసింది. ఏపుగా వచ్చిన బంపరు చివర్లు కత్తిరించింది. మూతి చుట్టూ రాగితీగ చుట్టి వెనక్కి వంచింది. చక్రాలు విప్పి, అడుగున పట్టిన మన్ను దులిపి, అక్కర్లేని వేళ్లు కోసి మళ్లీ బిగించింది. డీజిలు పొద్దున ఒక్కపూటే పొయ్యాలనీ, అదీ మొదలు తడిసేంతే పొయ్యాలనీ నూకరాజుకి గట్టిగా చెప్పింది.

బండి మాట విన్నది. మూతి వెనక్కి తగ్గింది, తొట్టి మళ్లీ విచ్చుకుంది. నూకరాజు ఆనందం పట్టలేక మొదటిరోజు మొక్కలేవీ వెయ్యకుండా, వీరవేణిని పక్కన కూర్చోబెట్టుకుని ఊరికే వంతెన అటోసారి ఇటోసారి దాటించాడు. ఇద్దరి మోకాళ్లూ ఒకదానికొకటి తగులుతుంటే ఆమె నవ్వింది. పెళ్లైన కొత్తలో కూడా వాళ్లంత దగ్గరగా కూర్చున్నది ఆ బండిలోనే. తర్వాత కొన్నాళ్లపాటు లంక గులాబీలు మళ్లీ లారీలెక్కాయి.

ఆ సంతోషం నాలుగు కాలాలు నిలిస్తే కథెందుకు? రోడ్డు మీద వెళ్లే పెద్ద బండ్లవాళ్లకి నూకరాజు బండి కనిపించడం మానేసింది. అంత ఎత్తునుంచి చూస్తే వాళ్లకి మనుషులే ఆనరు, ఇదేం ఆనుతుంది? ఒకాయన చక్రం దాదాపు దాని మీదికి ఎక్కించేసి, దిగొచ్చి, చిన్న బండి వల్ల తన మనశ్శాంతికి భంగం కలిగిందని ఫిర్యాదు చేశాడు. పంచాయితీ ఆఫీసులో విచారణ జరిగింది. పద్మనాభం ఫైలు చదవక ముందు నూకరాజుని కుర్చీలో కూర్చోమన్నాడు, మంచినీళ్లు తాగమన్నాడు.

"బండి ఎదుగుదలని అడ్డుకోవడం నేరం నూకరాజూ. నీకు తెలియక చేశావని రాస్తాను."

"బండి దాటకపోతే నా బతుకు దాటదండి. ఆ వంతెనకి సరిపోవాలి గదా."

"సరిపోవాల్సింది బండి కాదు," అన్నాడు పద్మనాభం, ప్రాథమిక పాఠశాల మాస్టారంత ఓపిగ్గా.

రాగితీగ విప్పారు. బిగబట్టిన ఊపిరి ఒక్కసారిగా వదిలినట్టు బండి అందరూ చూస్తుండగానే పెరిగింది. కాబిన్ కరెంటు తీగల్ని తాకింది. నాలుగు తలుపులూ పూర్తిగా విచ్చుకున్నాయి. వెనక తొట్టి ఒక పూలకుండీ పట్టేంత మిగిలింది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఒకళ్లు కొబ్బరికాయ కొట్టబోతే మూతి అందక కిందే కొట్టారు.

బండిని తగ్గించకూడదన్న నిబంధన ఉంది గానీ, బండి చుట్టూ ఉన్నవాటిని తగ్గించకూడదన్న నిబంధన ఎక్కడా లేదు. కనక ముందు వంతెనని తీసేసి పెద్దది కట్టారు. దానికి దారి చాలక వీరవేణి నర్సరీని కలిపేసుకున్నారు. మరుగుజ్జు చెట్లని ఆమె కిటికీలోకి సర్దుకుంది. బండి మలుపు తిరగడానికి వసారా అడ్డమైంది, వసారా తీశారు. అద్దం తగులుతోందని వంటగది తీశారు. చివరికి మిగిలిన గదికి కూడా, బండి తలుపు తెరుచుకోవడానికి వీలుగా పైకప్పు దించి, గోడలు లోపలికి జరిపారు. పనివాళ్లు శుభ్రంగా చేశారు, ఎక్కడా పెచ్చు ఊడలేదు. అంత పెద్ద వంతెన మీద బండి దర్జాగా ఒక్క కుండీతో దాటింది. మిగతా మొక్కల్ని సైకిళ్ల మీద పెట్టుకుని దాని వెనకే జనం నడిచి వెళ్లారు.

పద్మనాభం మళ్లీ చూడ్డానికి వచ్చినప్పుడు నూకరాజు దంపతులు గది బయట చతికిలబడి ఉన్నారు.

"ఇల్లు బాగుందా?"

"బాగుందండి. మేమే పట్టట్లేదు," అంది వీరవేణి.

"మీరు పట్టకపోవడం ఇంటి లోపం కాదమ్మా." అతను కిటికీలోని చింతచెట్టుని చాలాసేపు మెచ్చుకోలుగా చూశాడు. "ఆ రాగితీగ ఇంకా ఉందా?"

"బండికి వాడొద్దన్నారు గదండీ."

"బండికే వద్దన్నాం," అన్నాడు పద్మనాభం, చెప్పులు తొడుక్కుంటూ.

వీరవేణికి ఆ మాట అర్థమైంది. మూడు పూటలు తీగ ముట్టుకోలేదు. నాలుగో పూట వాన మొదలైంది. తల లోపలుంటే కాళ్లు తడుస్తున్నాయి, కాళ్లు లోపలుంటే తల తడుస్తోంది. నూకరాజే తీగ తీసుకొచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె మొగుడితోనే మొదలుపెట్టింది. భుజాలు వంచి తీగ చుట్టింది. మెడ కొంచెం కిందికి తిప్పింది. తిండి పొద్దున ఒక్కపూటకి తెచ్చింది. ఇన్నాళ్లూ ఏపుగా పెంచుకున్న కోరికల చిగుళ్లు రోజూ తుంచింది. మేడ కట్టాలనేది ముందు తెగింది, తర్వాత రాజమండ్రి వెళ్లి సినిమా చూడాలనేది, ఆ తర్వాత కాళ్లు చాపుకుని పడుకోవాలనేది.

"నొప్పెడతందా?" అని అడిగింది, కళ్లనీళ్లు తుడుచుకుంటూ.

"మొదట్లో పెట్టింది. ఇప్పుడు తెలీట్లేదే," అన్నాడు నూకరాజు. తర్వాత ఆమెకి అతను చుట్టాడు.

వానలు తగ్గేసరికి ఇద్దరూ గదిలో సుఖంగా సరిపోయారు. ఒక మూల చోటు మిగిలింది కూడా. నూకరాజు కాళ్లు పెడళ్లకి అందకపోవడంతో బండి కదలడం మానేసింది. అది ఒక లోపమని ఎవరూ అనుకోలేదు. ఊళ్లోవాళ్లు పొద్దున్నే వచ్చి దాని పక్కన నిలబడి ఫొటోలు దిగేవారు, ఇంటికెళ్లి తమ గోడలు కొలుచుకునేవారు. కొందరు రాగితీగ ఎక్కడ దొరుకుతుందని వీరవేణిని అడిగి తెలుసుకున్నారు.

ఒకరోజు పట్నం నుంచి ఒకాయన, చిన్న బండేనని చెప్పుకునే పేద్ద బండిలో వచ్చాడు. స్టీరింగు పక్కన పెట్టుకోవడానికి మరుగుజ్జు చెట్టు కావాలన్నాడు. చింతచెట్టు చూడబోయి, వంగి, గుమ్మంలో గోరంత గ్లాసుల్లో టీ తాగుతున్న మొగుడూపెళ్లాల్ని చూశాడు. మోకాళ్ల మీద కూర్చుని మరీ చూశాడు.

"అబ్బ! ఎంత ముద్దుగా ఉన్నారమ్మా! ఇంత చిన్నగా ఎలా అయ్యారు?"

వీరవేణి కొంగు సర్దుకుంది. బేరం వచ్చినప్పుడు ఆమె గొంతు ఎప్పుడూ మర్యాదగానే ఉంటుంది.

"ఇల్లు చిన్నదైతే చాలండి," అంది. "మిగతాది మనుషులే చూసుకుంటారు."