పటంలో ఖాళీ చోటు

ఇకమీదట తమ నియోజకవర్గంలో ఏ బొమ్మా ఇరుకున పడబోదని మంత్రి జగన్నాధంగారు 2016 జూన్‌లో ప్రకటించారు. ఫోన్లో చూసినా, కంప్యూటర్లో చూసినా, సభలో ఎల్‌ఈడీ తెరమీద చూసినా ప్రభుత్వ యాప్‌లోని బొమ్మలు తెరకి తగ్గట్టు సాగుతాయనీ, ఆ విద్య నేర్చుకునే ఫ్లెక్సీ డిజైనర్లకి రెండురోజుల శిక్షణ, ఒక సాఫ్ట్‌వేరు, ఒక సంచీ ఉచితమనీ చెప్పారు. తమకి ఇంత పెద్ద లోటుందని అంతవరకూ ఎవరికీ తెలియదు గనక చప్పట్లు గట్టిగానే పడ్డాయి.

నలభైమంది శిక్షణకి వచ్చారు. ముప్ఫై తొమ్మిదిమంది సంచీ పుచ్చుకుని, భోంచేసి, వెళ్ళిపోయారు. మిగిలింది అనూరాధ. టెక్కలిలో ఒక ఫ్లెక్సీ షాపులో పనిచేసే పిల్ల, నాయకుల మొహాలకి తెలుపు తేవడంలో చెయ్యి తిరిగింది. అందుచేత యాప్‌కి ప్రాణంలాంటి నియోజకవర్గం పటం ఆమెకే అప్పగించారు.

విద్య చూడబోతే తేలికే. బొమ్మ అంచున ఒక నల్లగీత గియ్యాలి. తెర పెద్దదైతే ఆ గీతకి ఎదురుగా ఉన్న మేరే సాగుతుంది, మిగతాది చెక్కు చెదరదు. ఒక్కటే షరతు. గీతకి ఎదురుగా బొమ్మలో ఏమీ ఉండకూడదు. గుడి ఉంటే గుడి, మొహం ఉంటే మొహం సాగి వికారంగా తయారవుతాయి.

చిక్కంతా అక్కడే వచ్చింది. పటం నిండా మంత్రిగారి అభివృద్ధి పనులే. కట్టినవి, కడుతున్నవి, కొబ్బరికాయ కొట్టి వదిలేసినవి, అన్నీ ఒకే సైజు బొమ్మలు. ఒక్క ఖాళీ చోటు కావాలని అనూరాధ అడిగితే ఊరూరి నాయకులూ మండిపడ్డారు. దేవేంద్ర అనే సర్పంచ్ అయితే, మా ఊళ్ళో కమ్యూనిటీ హాలు పెట్టుకుని ఖాళీ అంటారా అని ధర్నాకి కూర్చున్నాడు. మంత్రిగారి పాలనలో ఏమీ లేని చోటు ఎలా ఉంటుందని స్పెషలాఫీసరు విజయ్‌కుమార్ కూడా కోప్పడ్డాడు.

"ఒకటున్నాది సార్," అంది అనూరాధ. "మా ఊరు."

ఆమె ఊరు నౌపడ దగ్గర పాతమళ్ళపేట. చుట్టూ ఉప్పుమళ్ళు, బావిలో ఉప్పునీళ్ళు. ఆమె తల్లి దేముడమ్మ రోజూ రెండు కిలోమీటర్లు నడిచి బిందెతో మంచినీళ్ళు తెస్తుంది. ఆ ఊళ్ళో ట్యాంకు కట్టి నాలుగేళ్ళయిందని రికార్డుల్లో ఉంది. ట్యాంకు లేదని అనూరాధ తొమ్మిది అర్జీలు పెట్టింది. తొమ్మిదిసార్లూ ఇంకెక్కడిదో ట్యాంకు ఫొటో జతచేసి, ఉందని జవాబిచ్చారు. ఆ జవాబులు చూసినప్పుడల్లా ఆమెకి ఒళ్ళు మండిపోయేది.

ఆఫీసరుకి గడువు దగ్గరపడింది. సరే గియ్యమన్నాడు. అనూరాధ తన ఊరిమీది ట్యాంకు బొమ్మ చెరిపేసి, అక్కడికి సరిగా అంచున నల్లగీత గీసింది. ఎవరైనా చూసి ఇదేమిటని అడుగుతారని ఆమె ఆశ.

అడిగారు. ప్రారంభోత్సవం రోజున పటాన్ని పెద్ద తెరమీదికి ఎక్కించేసరికి అరవై గడపల పాతమళ్ళపేట సగం నియోజకవర్గమంత అయింది. మంత్రిగారు కళ్ళజోడు పెట్టుకున్నారు.

"ఏటిది? ఈ ఊరేటి ఇంత పెద్దగున్నాది?"

"అక్కడేం లేదు సార్. అందుకని," అన్నాడు విజయ్‌కుమార్, చెమట తుడుచుకుంటూ.

"ఏటీ లేకపోతే ఇంత పెరుగుతాదా," అని మంత్రిగారు చాలాసేపు ఆలోచనలో పడ్డారు. గొప్పవాళ్ళ ఆలోచనకి టైము పడుతుంది.

మర్నాటినించి ఆఫీసు ముందు క్యూ. తమ ఊళ్ళో రోడ్డు లేదని ఒకరు, బడికి గోడల్లేవని ఒకరు కాగితాలు పట్టుకొచ్చారు. దేవేంద్ర అందరికన్నా ముందున్నాడు. కమ్యూనిటీ హాలు కాగితంమీద తప్ప ఎక్కడా లేదనీ, కావాలంటే ఒట్టేస్తాననీ, తన ఊరిని కూడా సాగదియ్యాలనీ బతిమాలాడు. ఈ పోటీ ఆపడానికి, అసలైన ఖాళీ ఊరు ఏదో తేల్చేద్దామని విజయ్‌కుమార్ తనే పాతమళ్ళపేటకి వెళ్ళి తనిఖీ చేశాడు. సదరు గ్రామమందు ట్యాంకు గాని, కుళాయి గాని, ఇతర నిర్మాణములు గాని లేవని సంతకం, సీలుతో ధ్రువపత్రం ఇచ్చాడు.

నాలుగేళ్ళుగా అనూరాధ అడుగుతున్నది ఆ ఒక్క ముక్కే. కాగితం చేతిలో పడేసరికి ఏడుపొచ్చింది. షాపులో లామినేషన్ చేయించి, తల్లికి చూపించి, పరుగున నీళ్ళ ఆఫీసుకి పట్టుకెళ్ళింది. అక్కడి ఇంజనీరు రెండుసార్లు చదివి, మర్యాదగా కుర్చీ చూపించాడు.

"ట్యాంకు లేదమ్మా, ఒప్పుకున్నాం," అన్నాడు. "గానీ ఇప్పుడు కట్టడానికి లేదు. నిన్ననే మంత్రిగారి ఆర్డరొచ్చింది. మీ ఊర్లో ఏదైనా కడితే దాని బొమ్మ పెట్టాల. బొమ్మ పెడితే పటం సాగదు. మీ ఊరు ఖాళీగా ఉంటేనే మిగతా నియోజకవర్గం బాగా కనిపిస్తాది."

పదిహేను రోజుల్లో మంత్రిగారు స్వయంగా పాతమళ్ళపేట వచ్చారు. నల్లరాతి ఫలకం మీది పట్టుగుడ్డ తొలగించారు. నియోజకవర్గ ప్రయోజనాల దృష్ట్యా ఈ గ్రామమందు ఎట్టి నిర్మాణములూ చేపట్టరాదని దానిమీద బంగారు అక్షరాలు. పాతమళ్ళపేటలో ప్రభుత్వం కట్టిన మొదటి కట్టడం అదే. ఫలకం కింద సిమెంటు దిమ్మ గట్టిగా వేశారు. త్యాగంలో ఈ ఊరి తర్వాతే ఏ ఊరైనా అని మంత్రిగారు చెబుతుంటే అనూరాధ తలెత్తలేదు.

కార్లు వెళ్ళిపోయాక దేముడమ్మ నౌపడ దారిన నీళ్ళ బిందెతో వచ్చింది. ఫలకం చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. బిందె దించి దిమ్మమీద పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఎత్తు సరిపోయినాదే," అంది కూతురితో. "ఇలాటిది దారిలో ఇంకొకటి ఎయ్యమని సెప్పు."