మడుగు సంఘం కొట్టేసిన గుణకం

ఒక పెద్ద అడవిలో మడుగు కంటే మడుగు సంఘమే పెద్దది. అధ్యక్షుడు అడవిదున్న కొండలరాయుడు. కార్యదర్శి కొంగ శంఖపాణి. ఒంటికాలి మీద కళ్లు మూసుకుని నిలబడతాడు కాబట్టి మేధావి అని పేరు.

వానలు ఆగిన రోజు కప్ప సన్యాసమ్మ సంఘానికి వచ్చింది.

"అయ్యా, గట్టువార మెట్టు మీద నా పిల్లలున్నారు. ఇంకా తోకలే, కాళ్లు రాలేదు. మడుగులో పాతిన కొలగుంజ మీద నీళ్లు ఇవాళ యాభయ్యో గీత దగ్గరున్నాయి. నలభైకి దిగితే మెట్టు ఎండిపోతుంది. లోతు దాకా చిన్న కాలవ తవ్వుకోనివ్వండి."

"దిగుతాయని ఎవరు చెప్పారమ్మా?" అన్నాడు శంఖపాణి.

"లెక్క చెప్పింది." సన్యాసమ్మ తడిమట్టి మీద గీసింది. "వాగు రోజుకు రెండు గీతల నీళ్లు తెస్తుంది. ఉన్న నీళ్లలో రోజుకు పదో వంతు చొప్పున ఇంకుతుంది. ఇది అవకలన సమీకరణం. నీటి మార్పూ, ఇంకిపోయే నీళ్లూ ఎడమవైపే ఉన్నాయి కానీ కలవవు. రోజూ పెరిగే ఒక గుణకాన్ని తెచ్చి ఇరువైపులా గుణిస్తే, ఆ రెండూ ఒక్కటవుతాయి. ఆపైన సమాకలనం సులువు."

"కొత్త కోడలన్నమాట. విడిపోయిన అన్నదమ్ముల్ని కలుపుతుంది," అని మురిసిపోయాడు కొండలరాయుడు. "కలిపాక?"

"భాగించి తీసేస్తాం."

"అచ్చం కోడలే."

"పూర్తిగా పోదయ్యా. స్థిరాంకం కింద హారంగా మిగులుతుంది." జవాబు రాసింది: నీటిమట్టం = ఇరవై + (ముప్పై ÷ గుణకం). "గుణకం ఇవాళ ఒకటి. నాలుగు రోజుల్లో ఒకటిన్నర. అప్పటికి నీళ్లు నలభై."

ఆమెను బయటికి పంపి సంఘం చర్చించింది.

"జవాబు బాగుంది, కాగితం మీద నీ పేరున రాసుకో," అన్నాడు అధ్యక్షుడు. "పనైపోయాక ఈ గుణకం ఇంకా జవాబులో కూర్చోవడమేమిటి? కొట్టెయ్."

శంఖపాణి ముక్కుతో కొట్టేశాడు. ఇరవై, ముప్పై మిగిలాయి. మొత్తం యాభై. మడుగు ఎప్పటికీ నిండుగానే ఉంటుందని తేలింది.

కాలవకు అనుమతి రాలేదు. శాశ్వత జలోత్సవం ప్రకటించారు. పదో రోజు అధ్యక్షులవారు గట్టు మీంచి స్వయంగా దూకుతారు.

సన్యాసమ్మ పీత నూకాలు దగ్గరికెళ్లింది.

"అనుమతి ఇచ్చారా వదినా?"

"యాభై ఇచ్చారు."

"అయితే తవ్వేద్దాం పద."

ఆడపీతలూ ఆడకప్పలూ మూడు రోజులు తవ్వారు. నాలుగో రోజు పొద్దున్నే పిల్లలు తోకలూపుకుంటూ కాలవలో జారి లోతుకు దిగిపోయారు. ఇంకోసారి జారతామని ఒకటే గోల.

పదో రోజు కొండలరాయుడు మెడలో దండతో గట్టెక్కాడు.

"అయ్యా, నీళ్లు కాస్త తక్కువగా కనబడుతున్నాయి," అని గొణిగాడు శంఖపాణి.

"కాగితంలో ఎంత?"

"యాభై."

"మరింకేం," అని దూకాడు.

నీళ్లు ముప్పై ఒకటో గీత దగ్గరున్నాయి. అధ్యక్షులవారు మెట్టు మీద బురదలో, మెడ దాకా ఉన్నారు. దండ మాత్రం బురద మీద తేలుతోంది.

"సన్యాసమ్మా, ఎప్పుడు బయటపడతానో ఓ లెక్క వేసిపెట్టమ్మా."

"వేస్తానయ్యా. ఈసారి గుణకాన్ని జవాబులో ఉండనిస్తారా?"

"ముందు నన్ను లాగండి. తర్వాత సంఘంలో ఆలోచిద్దాం."

"అయితే గుణకానికి ఇవాళ సెలవు," అని సన్యాసమ్మ పిల్లల దగ్గరికి దూకింది.

నీతి: దూకే ముందు నీళ్లెన్ని ఉన్నాయో చూడనక్కర్లేదు, జవాబులోంచి ఎవరిని కొట్టేశామో చూసుకుంటే చాలు.